పులుపు లెక్క

షట్టర్ ఎత్తితే గోడమీద ఇంకా ఉంది
బుడమేరు గీసిపోయిన గీత,
నా భుజం ఎత్తున.
అద్దె తగ్గించింది ఆ గీతే.
"నీళ్లొచ్చిన కొట్టమ్మా, ఎవరూ అడగట్లేదు" అన్నాడు ఓనరు.
నిజం చెప్పినందుకు
మూడు నెలల అడ్వాన్సు అక్కడే లెక్కపెట్టాను.
గ్రైండర్లకి ఆటోనగర్లో ఇనప స్టాండు చేయించాను,
గీతకి జానెడు పైన.

సింగ్‌నగర్లో రాత్రి రెండింటికి రాళ్లు తిరుగుతుంటాయి.
మినప్పప్పు, రవ్వ, నీళ్లు, ఉప్పు.
ఇంతే నా కంపెనీ.
పేరు దొరకడానికే పదకొండు రోజులు పట్టింది,
అనుకున్న ప్రతి పేరూ అప్పటికే ఎవరిదో.
చివరికి మెకానిక్ ఏసుపాదం
బెల్టు బిగిస్తూ అన్నాడు,
"తెల్లారేసరికి ఇస్తావుగా, 'తెల్లారి' అని పెట్టు."
తెల్లారినట్టే నా బతుకు అని నవ్వి
అదే పెట్టేశాను.

లైసెన్సు నంబరు, జీఎస్టీ నంబరు,
తూకం, తారీఖు, ఫిర్యాదుకి ఫోను,
ఇన్ని అచ్చేయించాక కవరు మీద
ఇడ్లీ బొమ్మకి చోటు మిగల్లేదు.

మే నెల వచ్చింది.
చలికాలం రాత్రంతా బతిమాలించుకున్న పిండి
నాలుగు గంటలకే గిన్నె దిగి నడవడం మొదలెట్టింది.
బందరు రోడ్డు సూపర్‌మార్కెట్లో
మధ్యాహ్నం కరెంటు పోతే
అరలో నలభై ప్యాకెట్లు
కప్పల్లా పొట్టలు ఉబ్బించుక్కూర్చున్నాయి.
ఒకటి పేలి పక్కనున్న పనీరు మీద పడింది.
ఆ పనీరు డబ్బులూ నా బిల్లులోనే కోశారు.

ఆ వారమే ఒకామె
ఒక్క చుక్క పెట్టి ఒక్క మాట రాసింది:
"పులుపు."
భవానీపురం అడ్రసు. కొత్త ప్యాకెట్ పట్టుకుని నేనే వెళ్లాను.
ఆమె మాట్లాడకుండా ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది.
లోపల లైటు లేదు. చల్లదనమూ లేదు.
బాగుచేయించడానికి ఒకటో తారీఖు రావాలట.
ఇద్దరం ఆ తెరిచిన తలుపు ముందు
కాసేపు నిలబడ్డాం.
చుక్క మాత్రం అలాగే ఉంది,
ఒంటిగా.

అమ్మిన పిండికి డబ్బు అరవై రోజులకి.
వన్‌టౌన్‌లో మినుముల సేటుకి ఇవాళే.
ఈ రెండు తారీఖుల మధ్య
లక్ష చీటీని డెబ్బై ఎనిమిదికి పాడేశాను.
ఆ పాటకి ఎవరూ చప్పట్లు కొట్టరు.

మస్తాన్‌వలికి వేరేచోట రెండు వేలు ఎక్కువిస్తామన్నారట.
చెప్పడానికి వచ్చినవాడు చెప్పకుండా
గంటసేపు ఐసుపెట్టె కడిగాడు.
కడిగిందే కడిగాడు.
నేనూ అడగలేదు.
ఉండమనడానికి కావలసిన అంకె
నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.
మర్నాటి నుంచి స్కూటీ మీద
కానూరు దాకా నేనే.

గవర్నర్‌పేట బ్యాంకులో ఏసీ బాగుంది.
"ఐదేళ్లలో ఎంత పెరుగుతారు మేడం?"
గిన్నెలో మూడోవంతు ఖాళీ ఉంచకపోతే
పొంగినదంతా నేలపాలేనని
నాకు తెలిసిన ఒక్క సంగతీ చెప్పబోయాను.
ఆ ఫారంలో ఖాళీకి గడి లేదు.
ఏడాదికి నలభై శాతం అని రాశాను.
ఆయనే కొట్టేసి యాభై చేశాడు,
అలా ఉంటేనే ఫైలు పైకి కదులుతుందట.

కదిలింది. సగం వచ్చింది.
ఇవాళ మూడో గ్రైండరు ఆటోలోంచి దింపుతున్నారు.
గొల్లపూడి హాస్టలు వాళ్లు రోజూ అరవై కిలోలు అడిగారు,
డబ్బు ఎప్పుడిస్తారో ఇంకా చెప్పలేదు.
బయట మబ్బు పట్టింది.
ఏసుపాదం టేపు సాగదీసి గోడకి ఆనించి
అడుగుతున్నాడు,
"స్టాండు ఎంతెత్తు పెట్టమంటావు?"

గీత వైపు చూశాను.

"ఈసారి రెండు జానలు."